తెల్ల శిలువ మీద రెండు సంవత్సరాలు

పశ్చిమ ఐరోపాలో ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియం దేశాల నడుమ ఇరుకుకొని ఉన్న లక్సెంబర్గు అనే చిన్న రాజ్యంలో ప్రభువు తన ఉద్యోగులకూ పౌరులకూ నేటికీ ఒక సేవాచిహ్నాన్ని ప్రదానం చేస్తూ ఉన్నాడు. అది అరచేతిలో ఇమిడే తెల్లని శిలువ. దాని వెనుకవైపు రెండు సంవత్సరాలు మాత్రమే చెక్కి ఉన్నవి: 1292, 1858. మొదటిది ఒక రాజు ఎన్నికైన సంవత్సరం. రెండవది ఆ రాజు పేరిట ఈ ఆర్డరును స్థాపించిన సంవత్సరం. విచిత్రమేమనగా ఈ రెండు సంవత్సరాలలో దేనికీ లక్సెంబర్గుతో సంబంధం లేదు. ఈ శిలువను పుట్టించిన రాజ్యం వేరొకటి. దాని పేరు నాసౌ. జర్మనీలో రైను నదికి తూర్పుగా ఉండిన ఆ డ్యూకు రాజ్యం 1866లో దేశపటం మీదినుండి మాయమైనది. రాజ్యం పోయినది, రాజ్యం ఇచ్చిన పతకం మాత్రం నిలిచినది. ఎట్లు నిలిచినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా 'ఆర్డరు' అన్న మాటను గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మన రాజులు పండితునికి పెండేరం తొడిగినా, శాలువ కప్పినా ఆ సన్మానం ఒక వ్యక్తికి ఒక సభలో జరిగినది. ఆర్డరు అటువంటిది కాదు. అది ఒక సంఘం. ప్రభువు దానికి అధిపతి. పతకం పొందినవాడు అందులో సభ్యుడవుతాడు. సభ్యులలో తరగతులుంటవి. ఈ సంఘాలకు మూలం శిలువయుద్ధాల కాలంనాటి యోధసన్యాసుల మఠాలు. తరువాతి కాలంలో మాల్టా ద్వీపంలో స్థిరపడిన మఠంవారు ధరించిన ఎనిమిది కొనల శిలువయే నేటి పతకాలలో అధికభాగానికి మాతృక. మఠాల తరువాత రాజులు తమ చుట్టూ తాము కట్టుకొన్న సంఘాలు వచ్చినవి. వాటిలో చేరగోరినవాడు తన తాతముత్తాతల పట్టిక చూపించవలెను. అనగా గౌరవం పుట్టుకకే గాని పనికి కాదు.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసినవాడు నెపోలియను. 1802 మే 19వ తేదీన ఆయన స్థాపించిన లీజియన్ ఆఫ్ ఆనర్‌లో చేరడానికి వంశవృక్షం అక్కరలేదు. దేశానికి చేసిన సేవ ఒక్కటే చాలును. ఆయనను ఓడించిన రాజులే ఆయన పోయిన తరువాత ఈ పద్ధతిని ముచ్చటపడి అనుకరించినారు. ఆనాటి జర్మనీ ఒక దేశం కాదు. దాదాపు 40 ప్రభుత్వాల కూటమి. వాటిలో కొన్ని మన తాలూకాలంతటివి. చిన్న ప్రభువులకు పెద్ద సైన్యాలు లేవు, ఓడలు లేవు. కాని సొంత ఆర్డరును స్థాపించే హక్కు సర్వస్వతంత్రుడైన ప్రతి ప్రభువుకూ ఉన్నది. ఆ హక్కును వారు చక్కగా వినియోగించుకొన్నారు. సాక్సనీ వంశపు చిన్న డ్యూకులు 1833లో ఒకటి, బ్రన్‌స్విక్ డ్యూకు 1834లో ఒకటి, ఆన్‌హాల్ట్ డ్యూకులు 1836లో ఒకటి స్థాపించినారు. బ్రన్‌స్విక్ వారిది 'సింహం' అని బిరుదు పొందిన హెన్రీ పేరు మీద, ఆన్‌హాల్ట్ వారిది 'ఎలుగుబంటి' అని బిరుదు పొందిన ఆల్బర్టు పేరు మీద వెలసినవి. ఇద్దరూ పన్నెండవ శతాబ్దపు వీరులు. బలం తగ్గిన వంశాలు బలిసిన పూర్వులను తలచుకొనడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఈ వరుసలో నాసౌ డ్యూకు కొంత ఆలస్యంగా వచ్చినాడు. 1858 వరకూ ఆ రాజ్యానికి ఇటువంటి సేవా ఆర్డరు లేదు.

నాసౌ రాజ్యం సైతం నెపోలియను పుణ్యమే. 1806లో రెండు చిన్న శాఖల సంస్థానాలు కలిసి ఒకే డచీగా ఏర్పడి ఆయన పక్షాన చేరినవి. నెపోలియను కొలువులో స్పెయినులో పోరాడిన నాసౌ పటాలాలే 1815లో వాటర్లూలో ఆయనపై పోరాడినవి. వీస్‌బాడెన్ రాజధాని. అక్కడి వేడినీటి ఊటలకు దేశదేశాలనుండి రోగులూ భోగులూ వచ్చేవారు. 1814, 1815 సంవత్సరాలలో మహాకవి గోథే కూడా వచ్చి స్నానాలు చేసినాడు. ఆ గోథే వైమార్ ప్రభువు ఇచ్చిన 'తెల్ల డేగ' ఆర్డరు నక్షత్రాన్ని ధరించినవాడని సాహిత్య విద్యార్థులకు జ్ఞాపకం ఉండవచ్చును. రాజ్యంలో నీడర్‌సెల్టర్స్ అనే ఊరి ఊటనీటిని మట్టిజాడీలలో నింపి దూరదేశాలకు అమ్మేవారు. ఇంగ్లీషులో బుడగల నీటిని 'సెల్ట్జర్' అనడం ఆ ఊరి పేరునుండి వచ్చినదే. ఇంతకుమించి ప్రపంచానికి నాసౌ సంగతి పెద్దగా తెలియదు.

ఇంతటి చిన్న రాజ్యానికి 1839లో 22 ఏండ్ల వయస్సులో ప్రభువైనవాడు డ్యూకు అడాల్ఫ్. ఆయనే 1858 మే 8వ తేదీన 'నాసౌ అడాల్ఫ్ సైనిక పౌర సేవా ఆర్డరు'ను స్థాపించినాడు. ఈ పేరు వినగానే పాఠకునికి ఇరవయ్యవ శతాబ్దపు మరొక అడాల్ఫ్ స్ఫురించడం సహజం. ఆ వ్యక్తికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆర్డరు పేరులోని అడాల్ఫ్ స్థాపకుడు సైతం కాడు. ఆయనకు అయిదున్నర శతాబ్దాలు ముందటి ఒక రాజు. ఆ రాజు వద్దకు వెళ్ళే ముందు శిలువను ఒకసారి తేరిపార చూద్దాము.

ఎనిమిది కొనల మాల్టా శిలువ. తెల్లని ఎనామెలు పూత, చుట్టూ బంగారు అంచు, ప్రతి కొన మీద ఒక చిన్న బంగారు గుండు. నడుమ గుండ్రని బిళ్ళ. బిళ్ళ తెలుపు మీద బంగారంతో గోథిక్ వ్రాతలోని 'ఎ' అక్షరం, దానిపై కిరీటం. బిళ్ళ చుట్టూ నీలిరంగు వలయం. ఆ వలయంలో బంగారు అక్షరాలతో ఒకే ఒక లాటిన్ మాట: 'విర్టూటె'. సైనికునికి ఇచ్చే శిలువకైతే అడ్డంగా పెట్టిన రెండు కత్తులు అదనం. ఉపాధ్యాయునికో, వైద్యునికో, గుమాస్తాకో ఇచ్చేదానికి కత్తులుండవు. రిబ్బను నీలం, నారింజ రంగులది.

ఈ రంగులు ఊరక ఎంచినవి కావు. నాసౌ వంశపు డాలు నీలం. దానిమీద బంగారు సింహం. నీలమూ నారింజా డచీ జెండా రంగులు. వంశం 1255లో వాల్‌రామ్, ఒట్టో అనే ఇద్దరు అన్నదమ్ముల మధ్య రెండుగా చీలినది. ఒట్టో శాఖవారికి పదహారవ శతాబ్దంలో ఫ్రాన్సు దక్షిణాన ఆరంజ్ అనే సంస్థానం వారసత్వంగా వచ్చినది. వారే హాలెండు స్వాతంత్ర్యయుద్ధానికి నాయకులై, కాలక్రమంలో ఆ దేశానికి రాజులైన ఆరంజ్-నాసౌ వంశీయులు. పదిహేడవ శతాబ్దంలో మన మచిలీపట్నం రేవులో వర్తకశాల పెట్టుకొని అద్దకపు బట్టలు ఓడలకెత్తిన డచ్చివారి దేశంలో ఏలికలుగా చెలామణి అయినవారు ఈ శాఖవారే. డ్యూకు అడాల్ఫ్ పెద్దశాఖ అయిన వాల్‌రామ్ శాఖవాడు. రెండు శాఖలూ ఒకదానినొకటి మరచిపోలేదు. ఏ శాఖలోనైనా మగసంతానం అంతరిస్తే రెండవ శాఖ వారసత్వం పొందవలెనని 1783లో కుటుంబ ఒడంబడిక వ్రాసుకొన్నారు. ఈ కాగితాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కత్తి చేయలేని పనిని ముందుముందు ఇది చేయబోతున్నది.

ఇక ఆ లాటిన్ మాట. 'విర్టూస్' అన్న నామవాచకానికి ఇది విభక్తిరూపం. మన వ్యాకరణంలో చెప్పవలెనంటే తృతీయ. 'గుణముచేత', 'పరాక్రమముచేత' అని అర్థం. ఏమి, గుణముచేత? వాక్యంలో క్రియ లేదు. 'ఈ గౌరవం పొందినాడు' అని మనమే పూరించుకొనవలెను. విర్టూస్ అన్నమాట లాటిన్‌లో పురుషుడు అని అర్థమిచ్చే 'విర్' నుండి పుట్టినది. ఆ 'విర్', సంస్కృతంలోని 'వీర' శబ్దమూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రం చెబుతున్నది. కనుక 'విర్టూస్' అంటే మొదట వీరత్వం, తరువాత సద్గుణం. సైనికునికీ పౌరునికీ ఒకే పతకం ఇవ్వదలచిన డ్యూకుకు ఈ రెండర్థాల మాట చక్కగా కుదిరినది. పుట్టుకచేత కాదు, గుణముచేత: పందొమ్మిదవ శతాబ్దం నేర్చిన పాఠమంతా ఆ ఒక్క తృతీయావిభక్తిలో ఇమిడి ఉన్నది.

కాని ఆ మాట చుట్టి ఉన్న అక్షరం ఎవరిది? నాసౌ వంశంలో జర్మన్ సింహాసనం ఎక్కిన ఏకైక పురుషుడైన రాజు అడాల్ఫ్‌ది. ఆయన కథ గుణము గెలిచిన కథ కాదు. హాబ్స్‌బర్గ్ వంశపు రుడాల్ఫ్ మరణించినప్పుడు, ఆయన కుమారుడు ఆల్బర్టు బలవంతుడు గనుకనే ఎన్నికదారులైన ప్రభువులూ మఠాధిపతులూ అతనికి భయపడినారు. తమ మాట వినే బలహీనుడు కావలెనని వెదకి, రైను తీరపు చిన్న కౌంటు అయిన అడాల్ఫ్‌ను 1292 మే 5వ తేదీన ఎన్నుకొన్నారు. ఎన్నికకు ముందే ఆయనచేత అనేక వాగ్దానాలు వ్రాయించుకొన్నారు. సింహాసనం ఎక్కిన తరువాత ఆయన ఆ వాగ్దానాలను పక్కకు నెట్టి తన బలం తాను పెంచుకొనజూచినాడు. 1294లో ఫ్రాన్సు మీద యుద్ధానికని ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డునుండి ధనం పుచ్చుకొన్నాడు. తురింగియా అనే సీమను కొనజూచినాడు. యుద్ధానికి వెళ్ళనే లేదు. కూలికి కత్తి పట్టిన రాజు అని శత్రువులు ఎగతాళి చేసినారు.

ఎన్నుకొన్నవారే 1298 జూన్ 23వ తేదీన ఆయనను పదవినుండి దించివేసినారు. జూలై 2వ తేదీన గోల్‌హైమ్ అనే ఊరివద్ద ఆయన ఆల్బర్టు సేనలతో తలపడి యుద్ధరంగంలోనే మరణించినాడు. పరుగెత్తలేదు, లొంగలేదు, ఆ ఒక్క విషయంలో 'విర్టూటె' అన్న మాటకు ఆయన తగినవాడే అని నా అభిప్రాయం. రాజుల సమాధులుండే స్పైయర్ కెతీడ్రల్‌లో ఆయనను పూడ్చడానికి గెలిచిన ఆల్బర్టు ఒప్పుకోలేదు. దగ్గరలోని ఒక కన్యాస్త్రీల మఠంలో పూడ్చినారు. పదేండ్లు గడవకముందే, 1308లో, ఆల్బర్టును సొంత అన్నదమ్ముల కుమారుడు హత్య చేసినాడు. తరువాత రాజైన ఏడవ హెన్రీ 1309లో ఇద్దరి శరీరాలనూ స్పైయర్‌కు తెప్పించి అక్కడే పూడ్పించినాడు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే కప్పు క్రింద ఉన్నారు. ఈ హెన్రీ ఏ ఊరివాడని అడిగితే సమాధానం: లక్సెంబర్గు కౌంటు. ఆనాడు ఆ పేరుకు మన కథలో ఏ ప్రాముఖ్యమూ లేదు. చరిత్ర కొన్ని పేర్లను ముందుగానే వ్రాసిపెట్టుకొంటుంది కాబోలు.

శిలువ వెనుక 1292 ఉన్నది, 1298 లేదు. ఎక్కిన ఏడు వ్రాసుకొన్నారు గాని దిగిన ఏడు వ్రాసుకోలేదు. పతకాల చరిత్ర చదువుకొనే విద్యార్థి మొదట నేర్చుకొనవలసినది ఈ వ్రాయని అంకెలను చదవడం. డ్యూకు తండ్రి విల్‌హెల్మ్ సైతం ఈ పూర్వుని మరువలేదు. 1824లో స్పైయర్ కెతీడ్రల్‌లో రాజు అడాల్ఫ్ మోకరిల్లి ప్రార్థిస్తున్నట్లు ఒక స్మారకశిల్పం వెలసినది ఆయన పూనికతోనే. తండ్రి రాతిలో చేసిన పనిని కుమారుడు ఎనామెలులో చేసినాడు. పైగా బిళ్ళమీది 'ఎ' అక్షరం రాజు అడాల్ఫ్‌కు ఎంత చెందుతుందో డ్యూకు అడాల్ఫ్‌కూ అంతే చెందుతుంది. పూర్వుని పొగడుతూ తన పేరు తాను వ్రాసుకొనే సౌలభ్యం అందరికీ దొరకదు.

1858లో ఆయనకు ఈ పతకం ఎందుకు కావలసివచ్చినది? దానికి పదేండ్ల ముందటి సంగతి తెలియవలెను. 1848 మార్చి 4వ తేదీన వీస్‌బాడెన్‌లో డ్యూకు కోటముందు 30,000కు పైగా ప్రజలు గుమిగూడినారు. వారిలో పలువురు పల్లెలనుండి నడచి వచ్చిన రైతులు. పత్రికాస్వాతంత్ర్యం, ప్రజాప్రతినిధుల సభ, డ్యూకు సొంత ఆస్తిగా అనుభవించే భూములు ప్రజలకు చెందడం వంటి కోర్కెలు వినిపించినారు. డ్యూకు ఒప్పుకొన్నాడు. రక్తం చిందలేదు. కాని కెరటం తగ్గిన తరువాత ఇచ్చినదానిలో చాలాభాగాన్ని ఆయన వెనుకకు తీసుకొన్నాడు. ప్రజాసభలోని ఉదారవాదులతో ఆయన తగవు చివరిదాకా తీరలేదు. ఇటువంటి ప్రభువుకు తనవైపు నిలిచే ఉద్యోగులూ, సైనికాధికారులూ కావలెను. జీతం పెంచడానికి సభ ఒప్పుకోవలెను. పతకం ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోనక్కరలేదు.

ఆ ఏడే హాలెండు రాజు మూడవ విలియమ్‌తో కలిసి మరొక ఆర్డరునూ ఏర్పరచినాడు. దానిపేరు 'నాసౌ వంశపు బంగారు సింహం'. రెండు శాఖలకూ అది ఉమ్మడిది. అందులో ఒకే తరగతి; రాజులకూ, రాజకుటుంబీకులకూ, అటువంటి మహాపురుషులకూ మాత్రమే. తెల్ల శిలువ ఆర్డరులో తరగతులున్నవి. గ్రాండ్ క్రాస్ పొందినవాడు కుడిభుజంమీదుగా వెడల్పైన పట్టీ వేసుకొని రొమ్ముమీద వెండినక్షత్రం పెట్టుకొంటాడు. కమాండరు మెడలో వ్రేలాడదీసుకొంటాడు. సామాన్య నైటు ఎడమరొమ్ముమీద చిన్న రిబ్బనుతో ధరిస్తాడు. ఎవరికి ఏ తరగతి అన్నది సాధారణంగా ఆ మనిషి చేసిన పనినిబట్టి గాక చేస్తున్న ఉద్యోగాన్నిబట్టి తేలేది. ఇది నాసౌ ఒక్కదాని దోషం కాదు. ఐరోపా ఆర్డర్లన్నింటిలోనూ ఉన్న లోపమే. మంత్రి గుణం మెడలోనూ, గుమాస్తా గుణం గుండీవద్దనూ ఉంటుందని 'విర్టూటె' అన్న మాటలో ఎక్కడా లేదు. అయినా పుట్టుకను అడగకుండా గుమాస్తాను కూడా అదే సంఘంలో చేర్చుకొనడం నూరేండ్ల ముందు ఊహకందని సంగతి అని మరువరాదు. మరొక విశేషం: చాలా జర్మన్ రాజ్యాల ఆచారం ప్రకారం ధరించినవాడు మరణించగానే వారసులు చిహ్నాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేయవలెను. గౌరవం వారసత్వంగా సంక్రమించదన్న సూత్రానికి అది సరియైన నిదర్శనం.

ఎనిమిదేండ్లు గడచినవి. 1866లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మధ్య యుద్ధం వచ్చినది. ప్రష్యాతో తగవు వలదని ఉదారవాదులు మొత్తుకొన్నా డ్యూకు ఆస్ట్రియా పక్షం వహించినాడు. జూలై 3వ తేదీన దూరాన బొహీమియాలో జరిగిన ఒక్క మహాయుద్ధంతో అంతా తేలిపోయినది. నాసౌ సైనికులు ఆ రణరంగంలో లేనే లేరు. శిలువమీది కత్తులు రాజ్యాన్ని కాపాడే అవకాశమే రాలేదు. బిస్మార్కు హానోవరు, హెస్సె-కాస్సెల్, ఫ్రాంక్‌ఫర్టులతోపాటు నాసౌను కూడా ప్రష్యాలో కలిపివేసినాడు. 27 ఏండ్లు ఏలిన డ్యూకు 49వ ఏట రాజ్యం లేని రాజైనాడు. నష్టపరిహారంగా ధనమూ, బీబ్రిష్, వైల్‌బుర్గ్ వంటి కోటలూ దక్కినవి. శిలువ వెనుక వ్రాయని రెండవ అంకె ఇది.

రాజ్యం లేని ఆర్డరు సాధారణంగా వంశపు జ్ఞాపకంగా మిగిలి, చివరకు నాణెముల వర్తకుని గాజుబల్లలోకి చేరుతుంది. అడాల్ఫ్ ఆర్డరుకు ఆ గతి పట్టకుండా అడ్డుపడినది పైన చెప్పిన 1783నాటి కాగితం. దానికి లక్సెంబర్గుతో ముడిపడిన వైనం ఇది. 1815లో వియన్నా సభలో హాలెండు రాజు జర్మనీలోని తన నాసౌ భూములను ప్రష్యాకు వదలుకొన్నాడు. వాటికి బదులుగా లక్సెంబర్గును పుచ్చుకొన్నాడు. భూమి మారినా దానిమీది కుటుంబ ఒడంబడిక మారలేదు; నాసౌ భూములకు వర్తించే వారసత్వనియమమే లక్సెంబర్గుకు వర్తిస్తుందని నిర్ణయమైనది. మూడవ విలియమ్ కొడుకులు తండ్రికన్న ముందే మరణించినారు. మిగిలినది చిన్నకూతురు విల్‌హెల్మీనా. హాలెండు సింహాసనం ఆడపిల్లకు దక్కుతుంది, లక్సెంబర్గు దక్కదు.

1889లో విలియమ్ జబ్బుపడి ఇక లేవడనుకొన్నారు. ముసలి డ్యూకును రాజప్రతినిధిగా లక్సెంబర్గుకు పిలిపించినారు. ఆయన వచ్చినాడు, స్వాగతాలు జరిగినవి. తీరా చూస్తే రాజుకు నయమైనది! కొద్దివారాలకే డ్యూకు పెట్టె సర్దుకొని వెనుదిరిగినాడు. మరుసటి సంవత్సరం నవంబరు 23న విలియమ్ నిజంగానే మరణించినాడు. 23 ఏండ్లకు పైగా రాజ్యంలేక గడపిన అడాల్ఫ్ 73వ ఏట గ్రాండ్ డ్యూకు అడాల్ఫ్ అయి లక్సెంబర్గుకు మరలివచ్చినాడు. ఆయనతోపాటు తెల్ల శిలువ కూడా వచ్చినది. లక్సెంబర్గుకు 1841నుండి 'ఓక్ కిరీటం' అనే సొంత ఆర్డరు ఉన్నది. దానికి తోడుగా ఈ పరాయిదేశపు శిలువనూ ఆ రాజ్యం అక్కున చేర్చుకొన్నది. తరగతుల నడుమ కొత్త మెట్లు చేరినవి. శిలువలు గాక పతకాలు కూడా చేరినవి. శిలువమీది సంవత్సరాలు మాత్రం మారలేదు. 1890 అని ఎవరూ చేర్చలేదు. అడాల్ఫ్ పరిపాలనను మంత్రి పాల్ ఐషెన్‌కు వదలి, పెద్దగా జోక్యం చేసుకోక, 1905లో 88వ ఏట కన్నుమూసినాడు. లక్సెంబర్గు నగరంలో ఆయన కాలంలో, 1900 నుండి 1903 వరకూ కట్టిన పెద్ద రాతివంతెన ఆయన పేరనే ఉన్నది.

సాహిత్యాభిమానులు తెలుసుకొనదగిన ఘట్టం ఇక్కడనే వస్తున్నది. అడాల్ఫ్‌కు నికోలాస్ అని ఒక సవతితమ్ముడు ఉండేవాడు. 1868లో అతడు నతాలియా అనే రష్యన్ స్త్రీని వివాహమాడినాడు. ఆమె మహాకవి అలెగ్జాండర్ పుష్కిన్ కుమార్తె. తండ్రి ద్వంద్వయుద్ధంలో మరణించేనాటికి ఆమె ఏడాది నిండని పసిబిడ్డ. పుష్కిన్ పాత ప్రభువర్గం వాడే. అయినా ఏ రాజ్యాన్నీ ఏలిన వంశంవాడు కాడు. అందుచేత అది సమానుల వివాహం కాదని వంశం తేల్చినది. ఆమెకు రాకుమారి బిరుదు దక్కలేదు. మేరెన్‌బర్గ్ కౌంటెస్ అని వేరే పేరు ఇచ్చినారు. బిడ్డలకూ అదే పేరు.

అడాల్ఫ్, నికోలాస్ ఇద్దరూ 1905లోనే గతించినారు. అడాల్ఫ్ కుమారుడు నాల్గవ విలియమ్‌కు ఆరుగురు కూతుళ్ళు, కొడుకు లేడు. నాసౌ వంశంలో మిగిలిన మగవారిలో పుష్కిన్ దౌహిత్రుడు గెయోర్గ్ ఒకడు. రాజ్యం తనకు రావలెనని అతడు కోరినాడు. 1907లో లక్సెంబర్గు శాసనసభ అతని కోరికను త్రోసిపుచ్చి, విలియమ్ పెద్దకూతురు మరీ అడెలైడ్‌కు సింహాసనాన్ని ఖాయం చేసినది. ఆడపిల్లకు రాజ్యం దక్కడం మంచిదే. దానిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. కాని కవి మనుమడు ఓడిన కారణం చూడండి: అతని గుణం కాదు, తల్లి పుట్టుక. శిలువ చుట్టూ 'గుణముచేత' అని బంగారంతో వ్రాయించిన వంశమే అది. రష్యన్ భాషకు కొత్త ప్రాణం పోసినవాని కుమార్తె ఆ వంశంలో సమానురాలు కాలేకపోయినది. ఆర్డరులో చేరడానికి గుణం చాలును. ఇంటిలో చేరడానికి చాలదు!

మరీ అడెలైడ్ 1912లో ప్రభుత్వానికి వచ్చి, మొదటి ప్రపంచయుద్ధకాలంలో జర్మన్ పక్షపాతి అని నిందపడి, 1919లో సింహాసనం వదలుకొన్నది. ఆ సంవత్సరమే లక్సెంబర్గు ప్రజలు ఓటువేసి ఆమె చెల్లెలు షార్లట్ పాలన కొనసాగవలెనని తీర్పు చెప్పినారు. వంశం నిలిచినది ఆనాడు పుట్టుకవల్ల మాత్రమే కాదు. ప్రజల ఓటువల్ల కూడా. 1940 మే 10వ తేదీన జర్మన్ సేనలు లక్సెంబర్గును ఆక్రమించినవి. షార్లట్ పరదేశాలకు వెళ్ళి అక్కడినుండే తన ప్రజలకు రేడియోలో ధైర్యం చెప్పినది. జర్మన్ రాజు పేరు ధరించిన శిలువ జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ప్రభుత్వానిది కావడం ఈ కథలోని వైపరీత్యాలలో చివరిది. షార్లట్ తరువాత జాన్, ఆయన తరువాత హెన్రీ ఏలినారు. 2025 అక్టోబరు 3వ తేదీన హెన్రీ కుమారుడు గియోమ్ గ్రాండ్ డ్యూకు అయినాడు. ఆర్డరుకు అధిపత్యం కూడా సింహాసనంతోపాటే సంక్రమించినది.

లక్సెంబర్గు జెండా ఎరుపు, తెలుపు, లేతనీలం. ఆ జెండా ఎగిరే రాజ్యంలో ఇచ్చే తెల్ల శిలువ రిబ్బను మాత్రం ఈనాటికీ నారింజ, నీలాలే. ఆ రంగులు పుట్టిన వీస్‌బాడెన్ ఇప్పుడు జర్మనీలోని హెస్సె రాష్ట్రానికి రాజధాని. 1848 మార్చి 4న ముప్పైవేల ప్రజలు ఎవరి కోటముందు నిలబడినారో ఆ కోటలో 1946నుండి హెస్సె రాష్ట్రప్రజలు ఎన్నుకొన్న శాసనసభ సమావేశమవుతూ ఉన్నది.